షుగర్ ఉన్నవాళ్ళ మతిమరుపు: నలభైలో ఒక లెక్క, డెబ్బైలో ఇంకో లెక్క

నెల్లూరు పొగతోటలో సాయంత్రం పూట షుగర్ డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళను చూసినా, పొద్దున ఒంగోలు రిమ్స్ ఓపీ లైన్లో నిలబడినవాళ్ళను చూసినా అందరి ధ్యాసా ఒక్క అంకె మీదే ఉంటుంది. మూడు నెలల షుగర్ ఎంత వచ్చింది? ఏడు లోపు వస్తే ఇంటిల్లిపాదికీ నిశ్చింత. తొమ్మిది దాటితే ఇంట్లో చివాట్లు. షుగర్ వల్ల కళ్ళు పోతాయని, కిడ్నీలు చెడతాయని, కాలికి పుండు పడితే మానదని, గుండెకు మంచిది కాదని జనానికి బాగానే తెలుసు. మెదడు సంగతి మాత్రం ఈ వరసలో ఎక్కడా రాదు. పెద్దాయన పొద్దున బిళ్ళ వేసుకున్న సంగతి మరిచిపోయి గంటకు మళ్ళీ వేసుకుంటే, వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకుంటారు. ఆ మరుపుకూ ఇరవై ఏళ్ళ షుగర్‌కూ లంకె ఉండవచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు.

లంకె ఉందన్నది కొత్త వార్తేమీ కాదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో వేలమంది పెద్దవాళ్ళను గమనిస్తూ వచ్చిన పరిశోధకులు 1999లోనే ఈ మాట చెప్పారు. షుగర్ లేనివాళ్ళతో పోలిస్తే ఉన్నవాళ్ళకు డిమెన్షియా, అంటే మతి, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు, వచ్చే అవకాశం దాదాపు రెట్టింపుగా కనబడింది వాళ్ళకు. తర్వాత అనేక దేశాల అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు అది ఒకటిన్నర రెట్లు, ఇంకాస్త ఎక్కువ దగ్గర నిలబడింది. రక్తనాళాలు దెబ్బతిని వచ్చే వాస్క్యులర్ డిమెన్షియా విషయంలో ఈ ముప్పు రెట్టింపు దాటుతుంది, డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకమైన అల్జీమర్స్ విషయంలో కొంత తక్కువ. రోటర్‌డామ్ లెక్కల్లో ఇన్సులిన్ వాడేవాళ్ళకు ముప్పు ఇంకా ఎక్కువగా, నాలుగు రెట్ల దాకా కనిపించింది. అది చదివి ఇన్సులిన్ మెదడును చెడగొడుతుందని అనుకుంటే పొరపాటు. ఆ రోజుల్లో షుగర్ బాగా ముదిరి, ఏళ్ళు గడిచి, బిళ్ళలు పనిచేయనివాళ్ళకే ఇన్సులిన్ మొదలుపెట్టేవాళ్ళు. జబ్బు తీవ్రతే అక్కడ అంకెలా కనబడిందని అర్థం చేసుకోవాలి.

రెట్టింపు అన్న మాట వినగానే గుండె జారిపోనక్కర్లేదు. 60 దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని పెద్దవాళ్ళ మతి మీద దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డ్యాడ్ సర్వే ఆధారంగా 2023లో అంచనా వేశారు. పట్నాలకంటే పల్లెల్లో, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. అంటే షుగర్ ఉన్న పెద్దవాళ్ళలో కూడా ఎక్కువమందికి డిమెన్షియా రాదు. కాకపోతే షుగర్ ఉన్నవాళ్ళే దేశంలో పది కోట్లు దాటారు. షుగర్ వచ్చే గీత దగ్గర నిలబడినవాళ్ళు (ప్రీడయాబెటిస్) ఇంకో పదమూడు కోట్ల పైన ఉన్నారని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అదే ఏడాది తేల్చింది. మనిషి మనిషికి చూస్తే కొంచెంగా కనబడే ముప్పు, ఇంత జనం మీద పడినప్పుడు ఊరూరా కనబడుతుంది.

మెదడు మన ఒంటి బరువులో రెండు శాతమే. కానీ ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు దానికే కావాలి. దాని ముఖ్యమైన ఆహారం గ్లూకోజ్, పైగా దాన్ని పెద్దగా నిలవ చేసుకోలేదు. రక్తంలో ఏళ్ళతరబడి చక్కెర ఎక్కువగా ఉంటే మెదడులోని అతి సన్నని రక్తనాళాల గోడలు గట్టిపడి, లోపలి దారి ఇరుకైపోతుంది. కంటి రెటీనాలో, కిడ్నీల్లో జరిగేది కూడా ఇదే. రెటీనా దెబ్బతిన్నవాళ్ళలో డిమెన్షియా ఎక్కువగా కనబడటానికి ఒక కారణం ఇదే కావచ్చు. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం లాంటివేవీ లేకుండానే మెదడు లోపల బఠాణీ గింజంత మేర చచ్చుబడిపోవచ్చు. ఇలాంటివి ఒకటి రెండు అయితే తెలియదు. పోగుపడే కొద్దీ నడక నెమ్మదిస్తుంది, ఆలోచన నెమ్మదిస్తుంది, రెండు పనులు ఒకేసారి చేయడం కష్టమవుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. చనిపోయిన తర్వాత మెదడును పరీక్షించిన అధ్యయనాల్లో షుగర్ ఉన్నవాళ్ళకు ఎక్కువగా కనిపించింది ఇలాంటి చిన్న చిన్న స్ట్రోకుల గుర్తులే. అల్జీమర్స్‌కు ప్రత్యేకమైన అమిలాయిడ్ అనే ప్రొటీన్ మచ్చలు షుగర్ లేనివాళ్ళకంటే ఎక్కువగా ఉన్నట్టు స్పష్టంగా తేలలేదు. ఇన్సులిన్‌ను విరగ్గొట్టే ఎంజైమే అమిలాయిడ్‌ను కూడా తొలగిస్తుందని, ఇన్సులిన్ పేరుకుపోతే రెండో పని కుంటుపడుతుందని ల్యాబుల్లో చూపించారు, అది ఆసక్తికరమైన విషయమే. దాన్ని పట్టుకుని అల్జీమర్స్‌ను 'టైప్ 3 డయాబెటిస్' అని యూట్యూబ్‌లో ఊదరగొట్టడం మాత్రం అతి. 2005లో అమెరికా పరిశోధకులు వాడిన పేరు అది, డాక్టర్లు ఒప్పుకున్న వర్గీకరణలో లేదు. రక్తనాళాల కథకే బలమైన ఆధారాలున్నాయి, మనం చేయగలిగింది కూడా అక్కడే ఎక్కువ.

రక్తనాళాలు చెడటానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఈ నెల రిపోర్టులో ఎంత వచ్చిందన్నదానికంటే షుగర్ ఎన్నేళ్ళ నుంచి ఉందన్నది మెదడుకు పెద్ద ప్రశ్న. బ్రిటన్‌లో పదివేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులను 1985 నుంచి గమనిస్తున్న వైట్‌హాల్ అధ్యయనం 2021లో దీన్ని తేటగా చూపించింది. డెబ్బై ఏళ్ళ వయసు దగ్గర లెక్క చూస్తే, షుగర్ వచ్చి ఐదేళ్ళు దాటనివాళ్ళకూ అసలు షుగర్ లేనివాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పదేళ్ళు దాటినవాళ్ళకు మాత్రం డిమెన్షియా ముప్పు రెట్టింపు. అరవై ఎనిమిదిలో షుగర్ బయటపడిన మనిషి మెదడు గురించి బెంగ పెట్టుకోవలసింది తక్కువ. ముప్పై ఎనిమిదిలో బయటపడినవాడు పెట్టుకోవాలి.

మన దగ్గర చిక్కంతా అక్కడే. తెల్లవాళ్ళకంటే మనవాళ్ళకు షుగర్ ఎన్నో ఏళ్ళు ముందే వస్తుంది. బ్రిటన్‌లో అరవైల్లో మొదలయ్యే గడియారం ఇక్కడ నలభైల్లోనే తిరగడం మొదలుపెడుతుంది. కోస్తా మండలాల్లో రొయ్యల చెరువులు చేసే రైతునే తీసుకోండి. రాత్రంతా గట్టు మీద ఏరేటర్లకు కాపలా, కరెంటు పోతే టెన్షన్, కౌంటుకు రేటు పడిపోతే ఇంకో టెన్షన్, నిద్ర తెల్లవారుజామున. నలభై రెండేళ్ళకు కాలికి దెబ్బ తగిలి మానకపోతే పరీక్ష చేయిస్తే షుగర్ మూడొందలు. అప్పటికి అది ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. మందులు రాసిస్తే రెండు నెలలు వాడి, ఒంట్లో బాగానే ఉందని మానేస్తాడు. ఈ మనిషికి గట్టి కంట్రోలు కావాలి. ఇంకా ముప్పై ఏళ్ళు నడవవలసిన రక్తనాళాలవి. ఏడు లోపు అన్న అంకెను పట్టుబట్టి సాధించవలసిన వయసు ఇది. తమాషా ఏమిటంటే ఈ వయసువాళ్ళే తమ షుగర్‌ను గాలికి వదిలేసి, డెబ్బై ఎనిమిదేళ్ళ తల్లికి మాత్రం అరటిపండు కూడా అందకుండా చూస్తుంటారు.

డెబ్బై ఎనిమిదిలో అదే గట్టితనం మెదడును కాపాడుతుందా? అమెరికా, కెనడాల్లో పదివేల మందికి పైగా షుగర్ పేషెంట్ల మీద జరిగిన అకార్డ్ ట్రయల్‌లో ఒక జట్టుకు మూడు నెలల షుగర్‌ను ఆరు లోపుకు దించాలని చూశారు. ఆ జట్టులో మరణాలు ఎక్కువవుతున్నాయని గమనించి 2008లో ఆ భాగాన్ని ఆపేశారు. అందులో దాదాపు మూడువేల మందికి జ్ఞాపకశక్తి, ఆలోచన వేగం పరీక్షలు కూడా చేశారు. గట్టి కంట్రోలులో ఉన్నవాళ్ళకూ మామూలు కంట్రోలులో ఉన్నవాళ్ళకూ నలభై నెలల తర్వాత ఆ మార్కుల్లో తేడా ఏమీ లేదు. స్కానింగులో మెదడు కుంచించుకుపోవడం కొద్దిగా తగ్గింది, కానీ దానివల్ల మనిషికి ఒరిగిందేమీ కనబడలేదు. అప్పటికే ఏళ్ళ షుగర్ మోసిన పెద్దవాళ్ళలో అంకెను ఇంకా కిందికి లాగితే మెదడుకు మేలు జరుగుతుందన్న ఆశ అక్కడితో చాలావరకు సన్నగిల్లింది.

మేలు లేకపోతే పోనీ అనుకోవచ్చు, కీడు కూడా ఉంది. దాని పేరు లో షుగర్. కాలిఫోర్నియాలో టైప్ 2 షుగర్ ఉన్న 16,667 మంది రికార్డులను చూసిన అధ్యయనం 2009లో వచ్చింది. షుగర్ డౌన్ అయి ఆసుపత్రి దాకా వెళ్ళిన సందర్భం ఒకటి ఉన్నవాళ్ళకు తర్వాతి ఏళ్ళలో డిమెన్షియా ముప్పు పావు వంతు దాకా పెరిగింది. మూడు, అంతకు మించి ఉన్నవాళ్ళకు దాదాపు రెట్టింపయింది. గ్లూకోజ్ అందక మెదడు కణాలు దెబ్బతినడం ఒక కారణం కావచ్చు. అప్పటికే మెదడు మసకబారుతున్నవాళ్ళు మందులు, తిండి తారుమారు చేసుకుని లో షుగర్‌లోకి వెళ్ళడం ఇంకో కారణం కావచ్చు. రెండూ నిజమేనని చూపే ఆధారాలున్నాయి. మరుపు వల్ల షుగర్ పడిపోతుంది, పడిపోయిన షుగర్ వల్ల మరుపు పెరుగుతుంది. ఈ సుడిలో చిక్కుకున్న మనిషికి ఏది ముందు వచ్చిందన్న చర్చతో పని లేదు, సుడిని ఆపడం కావాలి.

పెద్దవాళ్ళలో లో షుగర్‌ను గుర్తుపట్టడమే కష్టం. వయసులో ఉన్నవాళ్ళకు చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి వస్తాయి. డెబ్బై దాటాక, షుగర్ ఏళ్ళతరబడి ఉన్నప్పుడు ఈ హెచ్చరికలు మొద్దుబారిపోతాయి. బీటా బ్లాకర్ రకం బీపీ బిళ్ళలు వాడేవాళ్ళకు దడ, వణుకు తెలియకపోవచ్చు. నేరుగా తికమక మొదలవుతుంది. మాట తేడా పడుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతారు, ఊరికే విసుక్కుంటారు, తూలుతూ నడుస్తారు. ఇంట్లోవాళ్ళు చాదస్తం అనుకుంటారు. పొరుగువాళ్ళకు మందు తాగినట్టు కూడా కనిపించవచ్చు. తిన్నాక మామూలైపోతారు కాబట్టి ఆ సంగతి ఎవరూ డాక్టరు దగ్గర ఎత్తరు. ఒక పెద్ద మనిషి రోజూ ఒకే వేళకు, ముఖ్యంగా మధ్యాహ్నం భోజనానికి ముందో తెల్లవారుజామునో, ఇలా మారిపోతుంటే ఆ క్షణంలో వేలి రక్తంతో షుగర్ చూడాలి. 70 కంటే తక్కువుంటే అది వయసు తెచ్చిన తికమక కాదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ భయం దాదాపు లేదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఉంది. ఎందుకంటే ఈ బిళ్ళలు మనిషి తిన్నాడా లేదా అని చూడవు, ప్యాంక్రియాస్‌ను ఇన్సులిన్ వదలమని నెడుతూనే ఉంటాయి. చవగ్గా దొరుకుతాయి, బాగా పనిచేస్తాయి, అందుకే పల్లెల్లో ఎక్కువగా వాడకంలో ఉన్నాయి. వాటిని చెడ్డ మందులు అనడం సరికాదు. అయితే కిడ్నీలు బలహీనపడ్డ పెద్దవాళ్ళలో గ్లిబెన్‌క్లమైడ్, కొంతవరకు గ్లిమిపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. ఫ్లోరైడ్ నీళ్ళ గురించి, కిడ్నీ జబ్బుల గురించి తరచూ వినపడే కనిగిరి, పామూరు, పొదిలి వైపు షుగర్ మందు రాసేటప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కాగితం పక్కన ఉండటం ఇంకా అవసరం. పదేళ్ళ కిందట రాసిన చీటీనే మెడికల్ షాపులో చూపించి అవే బిళ్ళలు తెచ్చుకునే అలవాటు ఇక్కడ నిజంగా ప్రమాదకరం. పదేళ్ళలో మందు మారలేదు, కిడ్నీలు మారిపోయాయి.

పండగలు, ఉపవాసాలు దీనికి తోడు. కార్తీక సోమవారం పొద్దంతా ఏమీ తినకుండా ఉండే అవ్వ, బిళ్ళ మాత్రం మానకూడదని పరగడుపున వేసుకుంటుంది. శివరాత్రికీ అంతే, రంజాన్ రోజాలకూ అంతే. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడి ఆ రోజుకు మందు మార్చుకోవాలి. ఉండవద్దని శాసించడం కంటే ఈ పద్ధతి ఎక్కువమంది వింటారు. షుగర్ పడిపోయినప్పుడు మనిషికి తెలివి ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర గానీ గ్లూకోజు గానీ నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ పరీక్షించి, తేరుకున్నాక అన్నం పెట్టాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. 108కి ఫోన్ చేయాలి. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళల వల్ల పడిపోయిన షుగర్, ఒకసారి పైకి వచ్చాక కూడా కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడవచ్చు. ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలకూడదు.

అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ పెద్దవాళ్ళకు ఒకే గీత గీయదు. ఆరోగ్యంగా, మతి బాగా ఉన్న పెద్దవాళ్ళకు మూడు నెలల షుగర్ 7 నుంచి 7.5 లోపు చాలంటుంది. ఒకటికి నాలుగు జబ్బులున్నా, జ్ఞాపకశక్తి కొంత తగ్గినా 8 లోపు చాలు. డిమెన్షియా ముదిరినవాళ్ళ విషయంలో అసలు ఆ అంకెను పట్టుకుని వేలాడవద్దని, లో షుగర్ రాకుండా, మరీ ఎక్కువై దాహం, నీరసం, ఇన్‌ఫెక్షన్లు రాకుండా చూస్తే చాలని చెబుతుంది. డాక్టర్లు దీన్ని ఒప్పుకున్నా ఇళ్ళల్లో ఒప్పించడం కష్టం. రిపోర్టు వాట్సాప్‌లో బెంగళూరుకో డల్లాస్‌కో వెళ్తుంది. "ఏంది నాయనా, ఎనిమిది వచ్చిందంట, మళ్ళీ స్వీట్లు తింటన్నావా ఏంది?" అని అక్కడి నుంచి ఫోను. డాక్టరు మందు తగ్గిస్తే ఆ డాక్టరుకు తెలియదని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. అరవైకి దూరంగా ఉన్న కొడుకు తన రిపోర్టుకు వాడే గీతనే ఎనభై దాటిన తండ్రికీ వాడుతున్నాడు. ప్రేమతోనే చేస్తున్నాడు, సందేహం లేదు.

ఇంకో వైపు, షుగర్ ఉన్న మనిషికి మరుపు వస్తే అదంతా డిమెన్షియానే అనుకోవడం కూడా తప్పే. సరిచేయగల కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని షుగర్ వైద్యం నుంచే వస్తాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళతరబడి వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. చేపలు, గుడ్లు తినేవాళ్ళకు కొంత నయం, పాలు కూడా అంతంతమాత్రంగా తీసుకునే శాకాహారులకు లోటు త్వరగా వస్తుంది. బీ12 తగ్గితే మరుపు, నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు వస్తాయి. తిమ్మిర్లను అందరూ షుగర్ ఖాతాలో రాసేస్తారు. ఆ అరికాళ్ళ మంటలకు రాసే అమిట్రిప్టిలిన్ బిళ్ళ పెద్దవాళ్ళలో మతిని మసకబారుస్తుంది, నోరెండిపోతుంది, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. నిద్ర బిళ్ళలు, జలుబుకు షాపులో అడిగి తెచ్చుకునే మత్తు బిళ్ళలు కూడా అంతే. థైరాయిడ్ తగ్గడం, ఒంట్లో సోడియం పడిపోవడం, డిప్రెషన్, తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు లోపల మెల్లగా రక్తం చేరడం, ఇవన్నీ మతిమరుపు వేషంలో వస్తాయి.

రెండు మూడు రోజుల్లోనే మనిషి ఒక్కసారిగా తికమకపడితే అది డిమెన్షియా కాదని దాదాపు చెప్పవచ్చు. డిమెన్షియా నెలలు, ఏళ్ళ మీద నడుస్తుంది. షుగర్ ఉన్న ఆడవాళ్ళలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చాలా మామూలు. డెబ్బై దాటాక జ్వరం, మంట లేకుండా ఒక్క తికమకతోనే అది బయటపడవచ్చు. నిన్నటిదాకా బాగున్న అవ్వ ఇవాళ చనిపోయిన చెల్లెలితో మాట్లాడుతుంటే దిష్టి తీయించే ముందు మూత్ర పరీక్ష, షుగర్, సోడియం పరీక్షలు చేయించాలి.

అసలు డిమెన్షియాను పసిగట్టడం ఎలా? 65 దాటిన షుగర్ పేషెంట్లందరికీ ఏడాదికోసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయాలన్నది అమెరికన్ సంఘం సూచన. మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ గీయించి, ఆ మాటలు మళ్ళీ అడిగే చిన్న పరీక్ష ఒకటుంది, ఐదు నిమిషాల పని. కానీ పెన్సిలు పట్టని చేతికి గడియారం గీయమంటే ఆ పరీక్ష కొలిచేది మతిని కాదు, చదువును. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రి బడుల్లో కూర్చుని చదువుకున్న ఆడవాళ్ళే దూబగుంటలో సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది. ఆ రోజు ముప్పై, నలభైల్లో ఉన్న ఆ తరం ఇప్పుడు డిమెన్షియా వయసుకు వచ్చింది. చిన్నప్పుడు చదువు అందకపోవడం, మితిమీరిన మద్యం, రెండూ డిమెన్షియా ముప్పును పెంచేవేనని లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ జాబితాలో ఉన్నాయి. అంత ఆలస్యంగా బడి ముఖం చూసినవాళ్ళను కాన్వెంటు పిల్లలను అడిగినట్టు అడిగితే ఫలితం తప్పుగానే వస్తుంది. చదువు తక్కువున్నవాళ్ళకు తగ్గట్టు మార్చిన పరీక్షలు ఇప్పుడున్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో ఇలాంటి పరీక్షను తెలుగులోకి తెచ్చి వాడారు. అవి జిల్లా ఆసుపత్రి దాటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రావడం అవసరం.

అవి వచ్చేలోపు ఇంట్లోవాళ్ళ కళ్ళే పరీక్ష. షుగర్ ఉన్నవాళ్ళలో అయితే ఒక అనుకూలత ఉంది. షుగర్‌ను చూసుకోవడమే రోజూ మతికి పని పెట్టే వ్యవహారం. ఎన్ని యూనిట్లు, తినడానికి ఎంత ముందు, ఏ బిళ్ళ ఎప్పుడు, ఇవన్నీ గుర్తుండాలి. పదేళ్ళుగా సొంతంగా ఇన్సులిన్ వేసుకుంటున్న మనిషి యూనిట్లు తప్పు లాగడం మొదలైతే, నెలకు తెచ్చిన బిళ్ళలు నెల తిరక్కముందే అయిపోవడమో నెల దాటినా మిగిలిపోవడమో జరిగితే, కారణం లేకుండా షుగర్ ఒకరోజు ఎనభై ఒకరోజు నాలుగొందలు అవుతుంటే, అది గడియారం బొమ్మకంటే ముందుగా వచ్చే సూచన. ఒకటో తారీఖు పొద్దున సచివాలయం నుంచి వచ్చి చేతికిచ్చిన పింఛను సంగతి మధ్యాహ్నానికి మరిచిపోయి, నాకు ఇవ్వలేదని గొడవ పడటం కూడా అలాంటిదే. ప్రతి నెలా ప్రతి పెద్ద మనిషి గడపకూ ప్రభుత్వం మనిషి వెళ్ళే ఏర్పాటు దేశంలో అన్నిచోట్లా లేదు. అలా వెళ్ళే మనిషికి ఈ నాలుగు సూచనలు నేర్పి, అనుమానం ఉంటే ఏఎన్‌ఎంకు చెప్పమంటే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఉండదు.

ముప్పు తగ్గించే దారుల్లో షుగర్ అంకెకంటే గట్టి ఆధారం ఉన్నది బీపీకే. చైనా పల్లెల్లో జరిగిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. 326 గ్రామాలు, నలభై ఏళ్ళు దాటి బీపీ ఉన్న దాదాపు 34 వేల మంది. సగం ఊళ్ళలో పెద్ద డిగ్రీలు లేని ఊరి వైద్యులకే తర్ఫీదు ఇచ్చి, బీపీని 130/80 లోపుకు తెచ్చేలా మందులు ఇప్పించారు, ఇంట్లోనే కొలుచుకోవడం నేర్పారు. నాలుగేళ్ళకు ఆ ఊళ్ళలో డిమెన్షియా 15 శాతం తక్కువగా వచ్చింది. ఇందులో ఎంఆర్‌ఐలు లేవు, న్యూరాలజిస్టులు ఊళ్ళకు వెళ్ళలేదు. చవకైన బిళ్ళలు మానకుండా వేసుకునేలా ఊరి మనిషి చూశాడు, అంతే. ఉదయగిరి వైపో దర్శి వైపో ఊళ్ళో ఆర్‌ఎంపీ, ఆశా, ఏఎన్‌ఎం అందరికీ అందుబాటులో ఉన్నారు. విలేజ్ క్లినిక్కులో బీపీ బిళ్ళలు ఉచితంగా దొరుకుతాయి. కొరవడేది, రాసిన బిళ్ళ బీపీని నిజంగా దించిందో లేదో చూసి, దించకపోతే మోతాదు పెంచే పట్టుదల. చాలామంది బీపీ బిళ్ళ వేసుకుంటూనే 160తో తిరుగుతుంటారు, బిళ్ళ వేసుకుంటున్నాను కదా అన్న ధీమాతో.

లాన్సెట్ కమిషన్ 2024లో డిమెన్షియా ముప్పుకు పద్నాలుగు కారణాలు చెప్పి, వాటన్నిటినీ తొలగించగలిగితే 45 శాతం కేసులను తప్పించవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు అంది. షుగర్ అందులో ఒకటి మాత్రమే. చెడు కొలెస్ట్రాల్, వినికిడి తగ్గడం దానికంటే పెద్ద వాటా తీసుకున్నాయి. చెవుడును మనవాళ్ళు జబ్బుగా లెక్కపెట్టరు. పెద్దాయనకు వినబడక మాట్లాడటం మానేస్తే ముభావం అంటారు. ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్ళకు చెవి మిషన్ పెడితే మూడేళ్ళలో మతి తగ్గే వేగం దాదాపు సగానికి పడిందని 2023లో అమెరికా ట్రయల్ చూపింది. ముప్పు తక్కువున్నవాళ్ళలో మాత్రం ఆ తేడా రాలేదు. చూపుకూ ఇదే వర్తిస్తుంది, శుక్లం ఆపరేషన్ వాయిదా వేయడం మంచిది కాదు. పొగాకు పండించి బతికే టంగుటూరు, కొండపి ప్రాంతాల్లో పొగ తాగవద్దని చెప్పడం ఇబ్బందికరమైన విషయమే, కానీ షుగర్ ఉన్న మనిషి రక్తనాళాలకు చుట్ట, బీడీ కంటే వేగంగా కీడు చేసేది ఇంకొకటి వెతకాలి.

తిండి గురించి ఇప్పటికే అందరూ అవసరానికి మించి మాట్లాడుతున్నారు. నెల్లూరు చేపల పులుసు మీద అనవసరంగా నింద పడుతుంది. తగ్గించవలసింది దాని కింద గుట్టగా పోసిన సన్నబియ్యం అన్నం. జొన్న సంగటి, కొర్రలు మళ్ళీ వస్తున్నాయి, మంచిదే. కానీ అదే చిరుధాన్యాన్ని మెత్తగా పిండి పట్టించి జావ కాచి తాగితే షుగర్ అన్నంలాగే పైకి లేస్తుంది. ఎనభై దాటి బరువు తగ్గిపోతున్న మనిషికి అసలు పథ్యమే వద్దు.

జ్ఞాపకశక్తి టానిక్కుల మీద పెట్టే డబ్బు వృథా. షుగర్‌కు, బరువు తగ్గడానికి ఈమధ్య బాగా పేరొచ్చిన సెమాగ్లుటైడ్ అల్జీమర్స్‌ను కూడా ఆపుతుందని ఆశపడ్డారు. తొలిదశ అల్జీమర్స్ ఉన్నవాళ్ళకు ఇచ్చిన రెండు పెద్ద ట్రయల్స్‌లో అది జబ్బు వేగాన్ని తగ్గించలేకపోయిందని 2025 నవంబరులో దాని తయారీ సంస్థే ప్రకటించింది. జబ్బు మొదలవకముందు ఇలాంటి మందులు ముప్పు తగ్గిస్తాయా అన్నది వేరే ప్రశ్న, దానికి ఇంకా జవాబు రాలేదు.

డిమెన్షియా ఉందని తేలాక ఇంట్లో మారవలసింది ముందుగా మందుల డబ్బా ఉండే చోటు. అది పెద్ద మనిషి తలాపున ఉండకూడదు. రోజుకు మూడుసార్లు వేసుకునే మందులను ఒకసారికో రెండుసార్లకో కుదించమని, లో షుగర్ తెచ్చే బిళ్ళను వీలైతే తీసేయమని డాక్టరును అడగాలి. మందు ఇచ్చే బాధ్యత ఒక్కరిదే కావాలి. కోడలు ఒకసారి, మనవడు ఒకసారి ఇచ్చే ఇళ్ళలో రెండు మోతాదులు పడిపోతాయి. తిండి ఎంత తింటారో ముందే చెప్పలేని మనిషికి భోజనానికి ముందు కాకుండా, తిన్నాక, తిన్నదాన్ని బట్టి ఇన్సులిన్ వేసే పద్ధతి కొన్ని రకాల ఇన్సులిన్‌తో కుదురుతుంది. పిల్లలు దూరాన ఉండి దంపతులిద్దరే మిగిలిన ఇళ్ళలో, చూసుకునే భార్యకు కూడా డెబ్బై రెండేళ్ళుంటాయి, ఆమెకూ షుగర్ ఉంటుంది. ఆమె అలసటకు, దిగులుకు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన 14416 టెలీ మానస్‌ ఫోన్ లైనులో తెలుగులోనే మాట్లాడవచ్చు, పెద్దవాళ్ళకు కావలసిన సాయం గురించి 14567లో అడగవచ్చు. పొద్దున పనిమనిషో పొరుగింటి అమ్మాయో వచ్చే వేళకు రోజుకు ఒక్క ఇన్సులిన్ మోతాదు సర్దమని అడిగితే చాలామంది విషయంలో అది సాధ్యమే. ఆ వేళకే వేలి రక్తం చూసి, 100 కంటే తక్కువుంటే ఇన్సులిన్ వేయకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయాలని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించి పెట్టవచ్చు. ఆ గీత ఎంత ఉండాలో ఆ మనిషిని బట్టి డాక్టరు చెబుతారు.